మూడు రాత్రుల చుట్టం

నడుము కింద నాకు ఒళ్ళున్నట్టే తెలీదు. కంపెనీ లారీ మీద టార్పాలిన్ కడుతూ జారి పడినప్పటి నుంచీ అంతే. అడిగినవాళ్ళకు మాత్రం నజ్రాన్ ఎడారి దారిలో ఒంటెతో కుస్తీ పట్టినానని చెప్తా. ఆ ఒంటె ఇంకా లేవలేదని కూడా చెప్తా. నవ్వుతారు. నాకు నవ్వూ రాదు, ఏడుపూ రాదు. చెప్పడం అలవాటు, అంతే.

డాక్టర్ల కమిటీ నా సంగతి తేల్చేదాకా ఇక్కడే ఉండాలి. క్యాంపులో మెట్లు ఎక్కలేనని కంపెనీ పాత ఊళ్ళో, బలద్‌లో, ఒక పాత మేడలో కింది గది అద్దెకు ఇప్పించింది. షరతు ఒక్కటే: అద్దె ఒక్క తలకాయకే. కంపెనీ మనిషి కాని రెండో తలకాయ రాత్రి అక్కడ పడుకుంటే అద్దె ఆగిపోతుంది, నేను మళ్ళీ క్యాంపుకు పోవాల.

పగలు ఎట్లో గడిచిపోతుంది. రాత్రే కష్టం. నా అంతట నేను పక్కకు తిరగలేను. కొంచెంసేపటికోసారి ఎవరో ఒకరు తిప్పకపోతే కింద చర్మం పుండవుతుంది. నొప్పి తెలీదు కాబట్టి పుండైన సంగతీ తెలీదు. పుండైతే ఆస్పత్రిలో థెరపీ ఆపేస్తారు. అది ఆగితే రేపు కూర్చోవడం కూడా రాదు.

మా తమ్ముడు ఆ సందులోనే ఒక అత్తర్ల కొట్లో పని చేస్తాడు. వాడి ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్టు, వేరే కఫీల్ కింద, అంటే వేరే యజమాని కింద ఉంది. కంపెనీ లెక్కలో వాడు నాకేమీ కాడు.

మేడకు కాపలా ఒక యెమెన్ ముసలాయన. మొదటి రాత్రి తమ్ముడు చాప చంకన పెట్టుకుని రాగానే "ఎవరు?" అన్నాడు.

"చుట్టం, యా హాజీ" అన్నా మంచం మీంచే.

ఇంకో మాట అడగలేదు. వాళ్ళల్లో చుట్టాన్ని మూడు రాత్రులు ఏమీ అడగరు. ఎందుకొచ్చినావనీ అడగరు, ఎప్పుడు పోతావనీ అడగరు.

నాలుగో రోజు తమ్ముడు మీసం తీసేసి వచ్చినాడు. నజ్రాన్ నుంచి మా చిన్నాయన కొడుకు దిగినాడని చెప్పినా. మళ్ళీ మూడు రాత్రులు. ఆ తర్వాత వాడికి కళ్ళద్దాలు పెట్టి ధహ్రాన్ ఇంజనీరును చేసినా.

"ఇంజనీరు చాప మీద పడుకుంటాడా?" అన్నాడు ముసలాయన.

"పరుపుల మీద పడుకుని పడుకుని విసుగొచ్చిందంట, యా హాజీ."

"మాషా అల్లా. మీ వంశంలో మగాళ్ళందరికీ ఎడమ చెవి ఇట్లాగే తెగి ఉంటుందా?"

తమ్ముడు గబుక్కున చెవి మూసుకున్నాడు. ముసలాయన పోయి తన కుర్చీలో కూర్చున్నాడు.

"దొరికిపోయినాం అన్నా."

"నోరు మూసుకుని నన్ను తిప్పురా, ఇంజనీరూ."

ఒక సాయంత్రం కంపెనీ వసతుల ఇన్‌చార్జి వచ్చినాడు. హైదరాబాదు మనిషి. నా ఒంటె కథ విని పొట్ట పట్టుకుని నవ్వినవాడే. మూలన చుట్టి పెట్టిన చాప చూసినాడు, తలుపు వెనక రెండో లుంగీ చూసినాడు.

"రాత్రి ఎవరు పంటున్నరు భాయ్ ఈడ?"

"చుట్టాలొస్తుంటారు."

"చుట్టం గూడ తలకాయే గద. మన కంపెనీ ఇఖామా ఉన్నోడైతే రాసుకుంట. లేకుంటే పది గంటలకు ఎల్లిపోవాలె."

"మరి మా అన్నను తిప్పేదెవరు సార్?" అన్నాడు అప్పుడే కొట్టు నుంచి వచ్చిన తమ్ముడు.

"ఫోన్ల అలారం పెట్టుకోమను."

"అలారం లేపుతుంది సార్. తిప్పదు గదా" అన్నా.

ఆయన నవ్వినాడు. నా నోట ఏమొచ్చినా నవ్వడం ఆయనకు అలవాటు. తమ్ముడు దుప్పటి లాగి, నా తుంటి మీద ఎర్రగా కమిలిన చోటు చూపించినాడు. అప్పుడు నవ్వు ఆపి గోడవైపు చూసినాడు.

"రూల్ నేను రాయలే భాయ్. నాక్కూడ పైన ఒకడున్నడు."

ఆ రాత్రి పదికి తమ్ముడు నన్ను కుడిపక్కకు తిప్పి, వీపు వెనక దిండు ఎగదోసి, చాప తీసుకుని వెళ్ళిపోయినాడు. పోతూ వాకిట్లో ముసలాయనతో ఏదో చెప్తుండాడు. నాకు వినపడలేదు. వినాలనీ అనిపించలేదు.

ఒక కునుకు తీసి లేచేసరికి ముసలాయన లోపల ఉండాడు.

"నేను ఈ మేడలో ఉండేవాణ్ణే. నా తలకాయ ముందే లెక్కలో ఉంది" అన్నాడు.

ఒక చెయ్యి భుజం కింద, ఒకటి మోకాలి కింద పెట్టినాడు. సగంలో ఆగి ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తోసినాడు.

"సరిగ్గా తిరిగిందా?"

భుజమైతే తిరిగింది. నడుము సంగతి నాకేం తెలుసు. తిరిగిందన్నా. ఆయన దీపం ఆర్పి పోయినాడు. నిజంగా తిరిగిందో లేదో పొద్దున థెరపీ ఆయన చూసి చెప్పాల.