చక్రపాణిగారి పదహారో కమాను

శనివారం ఉదయం పాలు తేవడానికి బయల్దేరిన చక్రపాణిగారు మధ్యాహ్నానికి ఖాళీ చేతులతో ఇల్లు చేరారు. ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో మీనా కనిపిస్తే, రెగెన్స్‌బర్గ్ గురించి చెబుతూ అక్కడే ఉండిపోయారట. ఆ దృశ్యాన్ని దూరం నుంచి చూసిన కృష్ణమోహన్ వెంటనే అమెరికాలోని అరోరా ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో హెచ్చరిక పెట్టాడు: "మీనా దొరికిపోయింది. ఎవరూ అటు డ్రైవ్ చేయకండి."

చక్రపాణిగారికున్న జబ్బు అదొక్కటే. మీరు ఏ మాట మొదలుపెట్టినా మూడో వాక్యానికల్లా ఆయన జర్మనీలోని రెగెన్స్‌బర్గ్ చేరుకుంటారు. ఎప్పుడో కుర్రతనంలో కంపెనీవాళ్ళు ఆయన్ని రెండేళ్ళు అక్కడికి పంపారు. తిరిగి పిలిపించుకున్నామనే వాళ్ళు అనుకున్నారు. ఆ తర్వాత ఇల్లినాయిలో ఇల్లు కొన్నారు, రిటైరయ్యారు, మోకాళ్ళ నొప్పులు తెచ్చుకున్నారు. మనిషి మాత్రం ఇంకా అక్కడి డాన్యూబ్ నది ఒడ్డునే ఉన్నారు.

ఉద్యోగం ఊడిన కృష్ణమోహన్ ఒకసారి గుడిలో ఆయనకి చిక్కాడు. "ఇంటర్వ్యూ అయి నెలైందండీ. జవాబు లేదు."

"నెలేనా? రెగెన్స్‌బర్గ్‌లో పాత జర్మన్ సామ్రాజ్యసభ నూట నలభై ఏళ్ళు సాగిందయ్యా! అక్కడో పొడుగాటి బల్ల ఉండేది. తేలని కాయితాల్ని దానిమీద అలా పక్కకి జరుపుకుంటూ పోయేవారని చెబుతారు. నీ రెజ్యూమే కూడా ఏదో బల్లమీద మెల్లగా జరుగుతూ ఉంటుంది."

దామోదర్‌కి ఇంకా అన్యాయం జరిగింది. భార్య పురిటిగదిలో ఉంది, తను హాస్పిటల్ వరండాలో గోళ్ళు కొరుక్కుంటున్నాడు. చక్రపాణిగారు వచ్చి పక్కన కూర్చున్నారు. "రెగెన్స్‌బర్గ్‌లో వంతెన పక్కన చిన్న వంటిల్లుంది దామోదర్. వందల ఏళ్ళుగా సాసేజ్‌లు కాలుస్తున్నారు. వరదొస్తే మునుగుతుంది. నీళ్ళు తోడేసి మళ్ళీ పొయ్యి వెలిగిస్తారు."

"రుచి ఎలా ఉంటుందండీ?"

"నాకేం తెలుసు? మనం శాకాహారులం కదా. పక్కన పెట్టే పుల్ల క్యాబేజీ అమోఘం!"

ఇలాంటి మనిషికి సంహిత తనంతట తానే వెళ్ళి దొరికిపోయింది. వేరే దారి లేకపోయింది పాపం. వరంగల్ పిల్ల, సివిల్ ఇంజనీరింగులో మాస్టర్స్ చేసింది. రోజుకో సైట్ తిరిగే ఉద్యోగం వచ్చింది. సోమవారం జాయినింగ్. లైసెన్స్ ఉందా అని మేనేజర్ అడిగితే, "అప్పటికల్లా ఉంటది" అని మాటిచ్చేసింది. రోడ్ టెస్ట్ అప్పటికే రెండుసార్లు తప్పింది. ఎదురుగా ట్రక్కు కనబడితే ఆమె చేతులు స్టీరింగ్‌మీదే గడ్డకట్టేవి. నేర్పడానికి కూర్చున్న రూమ్మేట్ అన్నయ్య నిశాంత్, పక్కసీట్లో లేని బ్రేకు తొక్కీ తొక్కీ కాలు బెణికించుకున్నాడు. ఆఖరి మూడో ప్రయత్నం శుక్రవారం.

"అంకుల్, నాకు బ్రిడ్జి ఎక్కాలంటే మస్తు భయమైతది," అంది బుధవారం సాయంత్రం ఆయన పాత క్యామ్రీలో కూర్చుని.

"బ్రిడ్జా!" చక్రపాణిగారి మొహం వెలిగిపోయింది. "పోనీయమ్మా, పోనీయ్. ఇది ఫాక్స్ నది కాదు, డాన్యూబ్. అదిగో రాతి వంతెన, పదహారు కమానులు. మనకి కనబడేవి పదిహేనే, ఒకటి ఒడ్డున ఉన్న భవనం కింద దాక్కుంది. ఇది కట్టినవాడికీ, చర్చి కట్టేవాడికీ ముందెవరు పూర్తిచేస్తారని పందెం పడిందట. వీడు దెయ్యం సాయం అడిగాడు. సరే, ముందుగా వంతెన దాటిన మూడు ప్రాణాలు నావి అంది దెయ్యం."

"అయ్యో, గప్పుడు?"

"వంతెన పని పూర్తయింది. వీడు ఓ కోడిపుంజునీ, పెట్టనీ, కుక్కనీ ముందు తోలాడు!"

సంహిత పకపకా నవ్వింది. అంతలోనే ఆమెలోని ఇంజనీరు లేచి కూచుంది. "ఆగుండ్రి అంకుల్. వంతెన ఎప్పటిది?"

"పన్నెండో శతాబ్దం."

"చర్చి?"

"పదమూడులో మొదలుపెట్టారు."

"మరి ఇద్దరి మధ్య పందెమెట్ల పడ్డది?"

"దెయ్యం దగ్గర లేని అనుమానం తేదీల దగ్గర వచ్చిందా నీకు?"

ఈ వాదనలో వంతెన దాటిపోయింది. వాళ్ళ పక్కనుంచి ట్రక్కు కూడా దాటిపోయింది. సంహిత దాన్ని చూసింది, చోటిచ్చింది, భయపడటం మర్చిపోయింది.

డ్రైవింగ్ గురించి ఆయన చెప్పింది ఒకటే. ఆ వంతెనమీద కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చర్చి వైపు చూసే చిన్న రాతి మనిషి ఉన్నాడు. "లేన్ మారేముందు వాడిలా భుజం మీంచి ఓ చూపు చూడమ్మా," అన్నారు. ఆయన మాటల్లో ఇయోలా రోడ్డు మలుపులో రోమన్ల కోటద్వారం వచ్చింది. కాస్ట్‌కో స్టోర్ దగ్గర చర్చి జంట శిఖరాలు లేచాయి. గురువారం రాత్రి సంహితకి కలలో కూడా కోడిపుంజు కనబడింది.

శుక్రవారం పరీక్ష చేసే ఆవిడ పక్కన కూర్చుంది. గంభీరమైన మనిషి. వంతెన దగ్గరపడేసరికి సంహిత గొణుక్కోవడం మొదలుపెట్టింది.

"నాతోనా మాట్లాడుతున్నావు?" అంది ఆవిడ ఇంగ్లిష్‌లో.

"నో మేడమ్. దెయ్యం గురించి."

ఆవిడ పెన్ను ఆపి ఇటు తిరిగింది. ఇక దాచి లాభం లేదని, రాతి మనిషిలా భుజం మీంచి చూసుకుంటూ, లేన్ మారుతూ, సంహిత కథ చెప్పేసింది. మూడు ప్రాణాల దగ్గరికి వచ్చేసరికి పార్కింగ్ వచ్చింది. కారు గీతల మధ్య బుద్ధిగా నిలబడింది.

"ఆపావేం? తర్వాత ఏమైంది?" అంది ఆవిడ.

"టెస్ట్ ఏమైందో చెప్పండి మేడమ్, తర్వాత ఏమైందో చెప్తా."

పాసైంది.

డోనట్ల డబ్బా పట్టుకుని చక్రపాణిగారింటికి వెళ్తే ఆయన పెరట్లో ఉన్నారు. తలుపు తీసింది భార్య కనకదుర్గగారు.

"ఆంటీ, ఒకటడుగుత, ఏమనుకోవద్దు. రోజంతా ఇంట్ల ఆ రెగెన్స్‌బర్గ్ ఎట్ల భరిస్తుండ్రు?"

"ఇంట్లోనా? ఆ ఊసే ఎత్తరమ్మా," అందావిడ ఆశ్చర్యంగా. "నాకు ఆఖరిసారి చెప్పింది నా మోకాలి ఆపరేషన్ రోజున. స్ట్రెచర్ తలుపు దాటేదాకా చెబుతూనే ఉన్నారు. మత్తిచ్చినవాళ్ళకంటే ముందు ఈయనే పడుకోబెట్టేశారు."

"మరి శనివారం మీనాక్క?"

"తాళాలూ ఫోనూ కార్లో పెట్టి లాక్ చేసేసుకుందట. లోపల చంటిది. ఈయనే ఫోన్ చేసి తాళం తీసే మనిషిని పిలిపించారు. పిల్ల నిద్రపోతూనే ఉందిగానీ, తలుపు తెరిచినా మీనాకి వణుకు తగ్గలేదట. తగ్గేదాకా చెప్పారు. పాలు మర్చిపోయారు. నేను ఆ రోజంతా బ్లాక్ టీ తాగాను."

సంహితకి వాట్సాప్ గ్రూపులో చదివిన కృష్ణమోహన్ ఉద్యోగం, దామోదర్ వరండా వరసగా గుర్తొచ్చాయి. ఆ గ్రూపులో అందరూ ఆయన కథకి బలైనవాళ్ళే. ఎలాంటి రోజున బలయ్యారో మాత్రం ఎవరూ కలిపి చూసుకోలేదు. ఆమె డబ్బాలోంచి చాక్లెట్ డోనట్ తీసి ఆయనకని పక్కన పెట్టింది.

తర్వాతి నెలలో చక్రపాణిగారికి షికాగోలో సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ పడింది. ఇన్నేళ్ళూ గ్రీన్ కార్డుతో నెట్టుకొచ్చిన మనిషి. అమెరికా చరిత్ర ప్రశ్నలడుగుతారు. ఆయనకి రెగెన్స్‌బర్గ్ రోమన్ కోట క్రీస్తుశకం నూట డెబ్బై తొమ్మిదిలో లేచిందని తెలుసు, అమెరికా సెనేటర్లు ఎంతమందో తెలీదు. సంహిత డ్రైవ్ చేస్తోంది. ఆయన పక్కసీట్లో ఫైలు గుండెకి అదుముకుని కూర్చున్నారు. ఇల్లు దాటి, ఫాక్స్ నది వంతెన దాటి, టోల్ రోడ్డెక్కినా నోరు తెరవలేదు. వెనక సీట్లోంచి కనకదుర్గగారు అద్దంలో సంహితకి కళ్ళతోనే సైగ చేశారు.

"అంకుల్," అంది సంహిత, రోడ్డుమీంచి చూపు తిప్పకుండా. "ఆ రాతి వంతెనకి కమానులు పద్నాలుగే కదా?"

ఫైలు కిందికి జారింది.

"పద్నాలుగా! పదహారమ్మా! ఎన్నిసార్లు చెప్పాను? పదిహేను కనబడతాయి, ఒకటి కనబడదు. అసలు మొదట్నుంచీ చెబుతాను, విను..."

షికాగో ఇంకా ముప్ఫై అయిదు మైళ్ళుంది.