పాత బ్రౌజర్ వాడే ఆ ఒక్కరు

మా సిస్టమ్ చాచా పోయారన్న కబురు మంగళవారం పొద్దున, నేను ఆఫీసు గేటు దగ్గర బండి ఆపుతుండగా తెలిసింది. వాచ్‌మన్ చెప్పాడు. "పొద్దుగాల్నే గుండె ఆగిందంటమ్మా. దవాఖానాకు తీస్కపోయేలోపే అయిపోయిందట."

"అవునా" అన్నాను. పైకి వెళ్లి కంప్యూటర్ ఆన్ చేశాను. పాస్‌వర్డ్ కూడా తప్పు కొట్టలేదు. మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లి ఆడవాళ్ల మధ్య కాసేపు కూర్చుని, తిరిగి వచ్చి మిగిలిన పని చేసుకున్నాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తుంటే కూడా రావడం లేదు.

ఖమ్మంలో మాది మిర్చి కొని నిల్వ చేసే కంపెనీ. అక్కడ కంప్యూటర్లన్నీ చాచాయే చూసేవారు. మీ ఆఫీసులోనూ ఇలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. చాచా వాళ్ల నాన్నది టైపు మిషన్ల రిపేరు షాపు. ఆ షాపునాటి బ్రష్షు ఒకటి ఎప్పుడూ చాచా జేబులో ఉండేది. ఎవరి సీటు దగ్గరికి వచ్చినా ముందు కీబోర్డు దులిపి, తర్వాతే బాధేమిటో అడిగేవారు. సగం రోగాలు దులిపితేనే పోతాయనేవారు. పెద్ద చదువు చదివొచ్చిన నాకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. మెట్ల కింద గదిలో ఆయన దగ్గర ఒక పాత కంప్యూటర్ ఉండేది. కొన్నాళ్లుగా రోజూ ఆఫీసుకు రాగానే దాన్ని ఆన్ చేసేవారు. ఎందుకు చాచా అంటే, "పాత బండి గదా, రోజూ జర నడిపియ్యాలె" అనేవారు.

నా పని కంపెనీ వెబ్‌సైటు చూసుకోవడం. మా కొనుగోలు కేంద్రాలన్నీ కొత్త బ్రౌజర్లకు మారాయి, ఒక్క చండ్రుగొండ తప్ప. అక్కడి కాటా మీద పడ్డ బరువు నేరుగా సైటులోకి రావాలంటే కాలం చెల్లిన పాత బ్రౌజరే కావాలి. కొత్త కాటా కొనమంటే కంపెనీ వచ్చే ఏడు చూద్దామంటుంది. ఆ ఒక్క కేంద్రం కోసం నేను ప్రతి పేజీనీ రెండోసారి సరిచేయాలి. విసుగొచ్చి, ప్రపంచంలో ఆ బ్రౌజర్ వాటా ఎంత అడుక్కు పడిపోయిందో గ్రాఫు తీసి చాచాకు చూపించాను.

"లోకంతోని మనకేం పని బిడ్డా," అన్నారు. "చండ్రుగొండల ఎంతుందో జూడు."

నేను వినలేదు. మిర్చి రాని వానాకాలంలో అక్కడ సైటు తెరిచే పని ఎవరికీ ఉండదు. ఏ బ్రౌజర్‌లోనైనా నెలంతా సైటు తెరిచినవాళ్ల లెక్క సున్నా ఉంటే దానికి సపోర్టు తీసేయవచ్చన్నది మా ఆఫీసు నియమం. సున్నా ఉంది, తీసేశాను. చాచాతో చెప్పలేదు. సీజను మొదటి రోజు చండ్రుగొండలో సైటు తెల్ల పేజీగా తెరుచుకుంది. కేంద్రం బయట మిర్చి ట్రాక్టర్లు బారులు తీరాయి. పైన మబ్బు పట్టింది.

చాచా బస్సెక్కి వెళ్లారు. దారిలో ఏన్కూరు దాటాక అడవిలో సిగ్నల్ లేక చాలాసేపు ఆయన ఫోను కలవలేదు. అక్కడికి చేరి బరువులన్నీ చేత్తో రాసి, కింద తన సంతకం పెట్టి బస్తాలు లోపలికి పంపించారు. తీసేసింది నేను మళ్లీ పెట్టేసరికి సాయంత్రమైంది. అప్పటికే వాన పడి కొందరి సరుకు తడిసింది.

మర్నాడు మేనేజరు అడిగితే, "మిషన్ పాతది సార్, నేనే ముందుగాల చూస్కోకపోతిని" అన్నారు చాచా. నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు. ఆ సిగ్గు ఇంకా పోలేదు. బయటికొచ్చాక ఆయన నాతో అన్నది ఒక్క మాటే: "తడిసిన మిర్చి ఎండుతది గానీ బిడ్డా, రంగు రాదు." ఆ తప్పు నాదని తర్వాతైనా మేనేజరుకు చెప్పలేదు. చాచాను క్షమించమనీ అడగలేదు.

అప్పటినుంచి వానాకాలంలో కూడా ఆ బ్రౌజర్ లెక్క సున్నాకు దిగలేదు. ఆదివారాలు తప్ప రోజుకు ఒకరు. లెక్క ఎందరో చెబుతుంది గానీ ఎవరో చెప్పదు. చండ్రుగొండలో ఎవరో ఊసుపోక తెరుస్తున్నారనుకున్నాను.

చాచా పోయిన తర్వాతి వారం, ఇంకా వానాకాలంలోనే, మేనేజరు పిలిచారు. "ఆ పాత బ్రౌజర్ ఇప్పుడెవ్వరు వాడుతలేరు గదమ్మా. గిట్లనే నెల నిండితే తీసెయ్యి."

నా సీటుకొచ్చి లెక్క తెరిచాను. కిందటి సోమవారం వరకు రోజుకు ఒకటి. మంగళవారం నుంచి సున్నా.

తర్వాత కిందికి దిగి చాచా గది తలుపు తీశాను. పాత కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డ కిందే, కీబోర్డు మీద, బ్రష్షు ఉంది. సోమవారం మరిచిపోయి వెళ్లినట్టున్నారు. ఆన్ చేశాను. అది లేచేసరికి చాలాసేపు పట్టింది. అంతసేపూ చేతులు ఊరికే ఉండలేక కీబోర్డు దులిపాను. తర్వాత పాత బ్రౌజర్‌లో మా సైటు తెరిచాను. చండ్రుగొండ కాటా పేజీ వచ్చింది, బరువు గడి ఖాళీగా ఉంది.

పైకి వచ్చి చూస్తే ఆ రోజు లెక్కలో ఒకటి అని ఉంది.