దారి మూసిన రోజుల్లో మా అప్ప పురుడు

మొన్న చీపురుపల్లిలో రైలెక్కి ఆమదాలవలస వెళ్తున్నాను, మా అప్పని చూసి రావడానికి. మా వైపు అక్కని అప్ప అనే అంటాం. ఎదుటి సీటులో కూర్చున్నాయన ఫోను గట్టిగా పెట్టి వార్తలు చూస్తున్నాడు. ఎక్కడో, మన రాష్ట్రం కూడా కాదు, పోలీసులు కాల్చితే ఒక మనిషి పోయాడట, అప్పట్నుంచీ జనం రోడ్ల మీద నుంచి లేవడం లేదట. పెట్టె అంతా దాని మీదే మాట. రాళ్లు రువ్వితే పోలీసులు చూస్తూ ఊరుకుంటారా అని ఒకాయన, చచ్చినవాడికీ తల్లి ఉంటుంది కదా అని ఒకావిడ, ఇన్నాళ్లు దుకాణాలు మూస్తే బతికేదెలా అని మరొకాయన. ఆ ఫోనులోంచి జనం అరుపులూ, మధ్యలో టపటపమని చప్పుడూ వినిపించేసరికి నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. అలాంటి చప్పుడు నేనొకసారి మా పెరట్లోంచి విన్నాను, మా అప్ప తలకి నూనె రాస్తూ.

అప్పటికి నేను డిగ్రీ చదువుతూ సెలవులకి ఊళ్లో ఉన్నాను. మా ఊరు సముద్రానికి కోసెడు దూరం. మావి వరి చేలు, ఒడ్డున ఉన్నవాళ్లది చేపల వేట. వాళ్ల ఆడవాళ్లు పొద్దున్నే బుట్టలతో మా వీధుల్లోకి వస్తే మేము చేపలు తీసుకుని గింజలు పోసేవాళ్లం, అంతకు మించి ఒకరి గొడవ ఒకరికి పట్టేది కాదు. రొయ్యల కంపెనీ వచ్చాక అందరి గొడవా ఒకటే అయిపోయింది. ఉప్పునీళ్లు తోడి చెరువులు నింపేసరికి మా నూతులు ఉప్పెక్కాయి, చేలు ఎర్రబడ్డాయి, వేటకి వెళ్లే దారికి అడ్డంగా ఇనప గేటు పడింది. అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయి, ఒకరోజు చేలవాళ్లూ వేటవాళ్లూ కలిసి ఊరేగింపుగా ఆ గేటు దగ్గరికి వెళ్లారు. అక్కడే కాల్పులు జరిగాయి.

మొదట టపాకాయలనుకున్నాం. తర్వాత పొలాల మీదుగా పరిగెత్తుకొస్తున్న మనుషులు కనిపించారు, చెప్పులు లేవు, కొందరి మీద చొక్కాల్లేవు. పోయినవాడు మా వీధి చివరింటి పెద్దమ్మ కొడుకు. నాకు వరసకి అన్న, సైకిలు నేర్పినవాడు. పెళ్లయి ఏడాది కూడా తిరగలేదు.

మా బావ కానిస్టేబులు. ఈ ఒక్క మాట చెప్తే మా ఇంటి పరిస్థితి మీకు తెలిసిపోతుంది. పెళ్లినాడు ఊరంతా పొంగిపోయి, మన ఊరికి పోలీసు అల్లుడొచ్చాడని చెప్పుకున్నారు. అప్ప తొలిచూలు పురిటికి వచ్చి మా ఇంట్లోనే ఉంది, నెలలు నిండిపోయాయి. బావ ఆమదాలవలసలో ఉద్యోగం చేస్తున్నాడు కానీ, ఆ రోజు గేటు దగ్గరికి జిల్లాలో అన్ని స్టేషన్ల నుంచీ మనుషుల్ని లారీల్లో తెచ్చారని సాయంత్రానికే ఊళ్లో తెలిసిపోయింది. వాళ్లలో మా బావని చూశానని ఒకరన్నారు. అది ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి వెళ్లేసరికి మా బావే కాల్చాడన్న మాటగా మారింది.

మర్నాటి నుంచి మా ఇంటికి పాలు రావడం ఆగిపోయింది. బోరింగు దగ్గరికి నేను బిందె పట్టుకెళ్తే అంతవరకూ మాట్లాడుకుంటున్న ఆడవాళ్లు టక్కున ఆగిపోయేవారు. ఒకరోజు మాత్రం ఒకామె నన్ను వినమనే గట్టిగా అంది.

“కాళ్లు కడిగి పిల్లనిచ్చిన ఊరి మీదే తుపాకెత్తినాడు సూడు.”

“నువ్వు సూసినావేటి?” అని పక్కనున్న ముసలామె కసిరింది. “సూడకుండా అనకే. రేపు నీ ఇంటికీ ఒక మాటొస్తాది.”

నేను సగం బిందెతోనే ఇంటికొచ్చేశాను.

భయం అంటే నాకు అప్పుడే తెలిసింది. అమ్మ గోడ మీది అప్పా బావల ఫొటో తీసి బియ్యం డబ్బా వెనక దాచింది, ఎందుకంటే అందులో బావ యూనిఫాంలో ఉన్నాడు. వీధి తలుపు చప్పుడైతే చాలు, ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. నాన్న అరుగు మీద నుంచి లేచేవాడు కాదు. దారిలో వెళ్లేవాళ్లని పలకరించేవాడు, కొందరు పలికేవారు, కొందరు తల తిప్పుకునేవారు, ఆయన మాత్రం అందరినీ పలకరిస్తూనే ఉండేవాడు. బయట ఏం జరుగుతోందో ముక్కలు ముక్కలుగా తెలిసేది. టౌనులో దుకాణాలు మూసేశారనీ, కాలేజీ పిల్లలు రోడ్డెక్కారనీ, మళ్లీ కాల్పులు జరుగుతాయనీ, ఇంటింటికీ వచ్చి మగవాళ్లని ఎత్తుకుపోతారనీ. రేడియో మాత్రం పరిస్థితి అదుపులో ఉందని చెప్పేది. రాళ్లు తగిలి ఒక కానిస్టేబులు చావుబతుకుల్లో ఉన్నాడని కూడా ఎవరో అన్నారు. అది విన్న దగ్గర్నుంచీ అప్ప భయం రెండింతలయింది. చంపాడేమో అని ఒక భయం, చచ్చాడేమో అని ఇంకొకటి. ఏది తలుచుకుని ఏడవాలో కూడా దానికి తెలియలేదు.

ఒక మధ్యాహ్నం వీధిలోని మగవాళ్లు కొందరు కర్రలు పట్టుకుని వచ్చారు. అల్లుణ్ణి మా ఇంట్లో దాచామని ఎవరో వాళ్లకి చెప్పారట. నాన్న అరుగు దిగి, తలుపు బార్లా తీసి పక్కకి నిలబడ్డాడు.

“ఇల్లు సూసుకోండిరా. నా కూతురు లోపలున్నాది, కాస్త నిమ్మళంగా సూడండి.”

ఒకతను, నాన్నతో కలిసి చేలకి వెళ్లేవాడే, లోపలికి వచ్చాడు. అప్ప గోడకి జారబడి, కడుపు మీద రెండు చేతులూ వేసుకుని కూర్చుని ఉంది. అతను దాన్ని చూసి, ఇంకెక్కడా చూడకుండా వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరని బయటికెళ్లి చెప్పాడు. వాళ్లు వెళ్లిపోయాక అమ్మ వంటింట్లో నేల మీద కూలబడిపోయింది.

ఆ మరుసటి రోజు పొద్దున్నే నొప్పులొచ్చాయి. కబురు పంపితే రాదేమో అనుకున్న మంత్రసాని వెంటనే వచ్చింది. అప్ప కడుపు తడిమి చూసి మొహం మార్చుకుంది. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది, నా వల్ల కాదు, బేగి పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంది. తీసుకుపోవడానికి దారేదీ? ఊరి బయట కూడలిలో సరుగుడు దుంగలు అడ్డంగా పడేసి, పెద్దమ్మ కొడుకు శవాన్ని పోలీసులు తీసుకుపోయినప్పటి నుంచీ ఆడవాళ్లంతా అక్కడే రోడ్డు మీద చాపలేసుకుని కూర్చున్నారు. ఏ బండినీ వదలడం లేదు. అయినా నాన్న నాటుబండి కట్టి గడ్డి మీద దుప్పటి పరిచాడు. నేనూ అమ్మా అప్పని మధ్యలో కూర్చోబెట్టుకున్నాం.

కూడలి కనిపించగానే నేను అప్ప చేయి పట్టుకున్నాను. అంతమంది ఆడవాళ్లు, మా ఊరివాళ్లూ వేటవాళ్లూ, ఒక్కసారే మా వైపు తిరిగారు. కానిస్టేబులు పెళ్లాం అన్న మాట ఆ చివర నుంచి ఈ చివరకి పాకింది. ముందు చాప మీద పెద్దమ్మ కూర్చుని ఉంది, తల దువ్వుకోలేదు, కొంగు సరిచేసుకోలేదు. నాన్న ఎడ్లని ఆపి దిగాడు. పెద్దమ్మ లేచి బండి దగ్గరికి వచ్చి చెక్క పట్టుకుంది. ఆవిడ చేయి పైకి లేస్తే ఏం చేయాలా అని నేను అప్పకి అడ్డంగా జరిగాను.

“ఏటే, నీ మొగుడే కాల్సినాడేటే?” అని అడిగింది.

అప్ప నొప్పితో మెలికలు తిరుగుతోంది. కాదు అనెయ్యి అని నేను మనసులో మొక్కుకుంటున్నాను. అది పెద్దమ్మ మొహంలోకి చూసి, “నాకు తెల్దు పెద్దమ్మా. ఆడి కబురే లేదు. నాకు తెల్దు” అంది.

పెద్దమ్మ చెక్క వదిలింది. వెనక్కి వెళ్లి, వంగి, తన చాప అంచు పట్టుకుని రోడ్డు పక్కకి లాక్కుంది. అంతే. ఆవిడ చాప జరిపాక మిగతావాళ్లూ లేచారు. దుంగలు జరపడానికి వేటవాళ్ల ఆడవాళ్లే చేతులేశారు. బండి వాళ్ల మధ్య నుంచి వెళ్తుంటే ఒకామె చేయి చాచి అప్ప పాదం మీది దుప్పటి సర్దింది.

గండం గడిచిందనుకున్నాం. వంతెన దగ్గర పోలీసులు ఆపారు. గడ్డిలో ఏం దాచారని లాఠీలతో పొడిచారు. అప్ప అరుపు వింటూ కూడా ఒకడు నమ్మలేదు. ఇన్నాళ్లూ ఊళ్లో ఎవరి దగ్గరా ఎత్తని మాట నాన్న అక్కడ ఎత్తాడు. మా అల్లుడూ పోలీసేనండి అని పేరూ స్టేషనూ చెప్పాడు. వాళ్లలో పెద్దాయన తల ఊపి, “ఆ, తెలుసు. ఆ రోజు నాతోనే ఉన్నాడు, గేటు దగ్గర. బానే ఉన్నాడు, భయపడకండి” అన్నాడు. ఆయన మా మంచికే చెప్పాడు. కానీ బండి కదిలాక అప్ప మొహం చూసి నాకు ఏడుపాగలేదు. బతికే ఉన్నాడు, అక్కడే ఉన్నాడు. రెండూ ఒక్క మాటలోనే తెలిశాయి.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా దక్కారు. ఆసుపత్రి వరండాలోనే, రెండు మంచాల అవతల, గుండు తగిలిన వేటమనిషి ఒకతను మూలుగుతూ ఉండేవాడు. బావ మామూలు బట్టల్లో వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాడు. పిల్లని ఎత్తుకోలేదు. కాల్చింది నువ్వేనా అని అప్ప అడిగింది. అతను తల దించుకునే చెప్పాడు.

“నా సేతిలో లాఠీయే ఉన్నాది. తుపాకీ నాకివ్వలేదు. కానీ ఉన్నాను, సూస్తూ నిలబడ్డాను.”

అప్ప నమ్మింది. నేనూ నమ్మాను. నమ్మని రోజులు కూడా కొన్ని ఉన్నాయి, అవి మేమిద్దరం ఒకరికొకరం చెప్పుకోలేదు.

విచారణలు జరిగాయి, ఎవరు కాల్చారో తేలలేదు. బావ మళ్లీ మా ఊళ్లో అడుగుపెట్టలేదు. పిల్ల బారసాల కూడా ఆమదాలవలసలోనే చేశారు. కొన్నాళ్లకి కంపెనీ దివాళా తీసి వెళ్లిపోయింది. చెరువులు ఉప్పు తేలి తెల్లగా ఎండిపోయాయి, ఇప్పటికీ అక్కడ గడ్డి సరిగ్గా మొలవదు. పెద్దమ్మ మా ఇంటి గుమ్మం ఎక్కలేదు. మేము రమ్మనలేదు, ఏ మొహంతో పిలుస్తాం? కానీ ఒకసారి నేను సెలవులకి వచ్చినప్పుడు వీధిలో ఎదురుపడి, వెళ్లిపోతూ వెళ్లిపోతూ ఆగి, “గుంట నడుస్తందేటే?” అని అడిగింది. పిల్ల నడుస్తోంది పెద్దమ్మా అన్నాను. “మంచిది” అని వెళ్లిపోయింది.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు మా కూడలిలో తారురోడ్డు, ఆటోలు, టీ బడ్డీలు. ఇప్పుడు ఎక్కడ కాల్పులు జరిగినా పూట తిరక్కుండా తప్పెవరిదో లోకమంతా తేల్చేస్తుంది. ఎప్పుడూ చూడని మనిషిని చంపెయ్యమనడానికీ, ఎప్పుడూ చూడని మనిషి చావుకి సంబరపడడానికీ ఎవరికీ జంకు లేదు. మా రోజులు మంచివని నేననను, ఆ భయం పగవాళ్లకి కూడా వద్దు. కానీ అప్పుడు ఎంత కోపమున్నా ఎదురుగా వచ్చి, బండి చెక్క పట్టుకుని, మొహం చూసి అడగాల్సి వచ్చేది. అడిగినవాళ్లకి జవాబు చెప్పే మనిషి కళ్లు కూడా కనిపించేవి.