సూదుల క్యాంపుల పోయిన నా ఇజ్జత్

మొన్న మన కార్ఖాన సెలవు రోజు ముప్పై మంది ముందర నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త. ముందు చాయ్ తాగుండ్రి, నవ్వుడు తర్వాత.

మన బట్ట నేసే ఖాతాల దారం చుట్టిన బీమ్ ఎత్తంగ నా కుడి భుజం పట్టేసింది గదా. మొదట నిజంగనే చెయ్యి లేవలే, అబద్ధమెందుకు. మా ఇంటామె భాగ్య నూనె రాసుడు, తల దువ్వుడు, అంగీ గుండీలు పెట్టుడు, ఆఖరుకు బువ్వ కలిపి ముద్దలు పెట్టుడు! సూరత్‌కొచ్చి పన్నెండేండ్లాయె, గింత రాజభోగం ఎన్నడు చూడలే.

వారంల నొప్పి పోయింది. కని చెప్తే ఆ ముద్దలు బంద్ అయితయి గదా. మీరు చూసినోళ్లే, ఖాతాల మీ పక్కనే నేత సాంచాలు మంచిగనే నడిపిన. ఇంటి గడప తొక్కంగనే చెయ్యి పడిపోయేది. "ఖాతాల ఎడమ చేత్తోని ఎల్లదీస్తున్న" అని చెప్పిన. పాపం, నమ్మింది.

అట్ల ఇంకో పది రోజులాయె. ఆమెకు భయం పట్టుకున్నది. ఇంట్ల చేసే చీరల పని పక్కన పెట్టి, కడోదరాల నొప్పులకు సూదులు గుచ్చే క్యాంపు ఏదో ఉన్నదంటే నన్ను గుంజుకపోయింది.

పెద్ద హాలు. అందరిని వరుసగ చాపల మీద కూసోబెట్టిండ్రు. పరదా లేదు, ఏం లేదు, ఒకరి సూదులు ఒకరు చూసుకుంట కూసోవాలె. డాక్టర్ నాకు చెవులకు, ఎడమ కాలికి గుచ్చిండు. "సాబ్, దర్ద్ తో ఇధర్ హై" అని భుజం చూపెట్టిన. "ఆధా ఘంటా హిల్‌నా మత్" అని, అరగంట కదలకుంట కూసోమని పక్కకు పోయిండు.

భాగ్య నా పక్కనే కూసొని, కొంగుతోని నాకు ఇసురుకుంట, పక్క చాప మీది గుజరాతీ ముసలమ్మను 'బా' అని పిలుసుకుంట, చెయ్యి మీదికి లేస్తలేదని నా కథంత చెప్తున్నది. "ఇనకా హాథ్ ఉప్పర్ జాతాచ్ నై, బా." ఆ బా "అరేరే, బిచారా" అంటున్నది. నాకు సిగ్గయి కండ్లు మూసుకున్న.

గోడ అవతల సాంచాల ఖాతా ఉన్నది. ఆ టకటకకు మంచిగ నిద్ర పట్టింది. మన సంగతి తెల్సు గదా, చప్పుడుకు పంటం, చప్పుడు ఆగితే లేస్తం. ఉన్నట్టుండి కరెంటు పోయింది. సాంచాలన్ని ఒక్కసారి ఆగినయి. కరెంటు పోతే ముందు స్విచ్ బంద్ చెయ్యాలె, లేకుంటే కరెంటు రాంగనే సాంచాలు వాటంతటవే నడిచి బట్టంత ఖరాబైతది. మన ఖాతాల స్విచ్ గోడకు ఎత్తుల ఉంటది. నేను నిద్రలనే లేచి, కుడి చెయ్యి నిటారుగ లేపి, గోడ మీద స్విచ్ దేవులాడిన.

కండ్లు తెరిస్తే ముప్పై మొఖాలు నన్నే చూస్తున్నయి. చెవులకు సూదులు ఊగుతున్నయి. చెయ్యి ఇంక మీదనే ఉన్నది.

డాక్టర్ ఉరికొచ్చి "దేఖో, ఏక్ హీ బార్ మే!" అని, ఒక్కసారికే తగ్గిందని అందరికి చూపెట్టిండు. హాలంత చప్పట్లు. బా దండం పెట్టింది. భాగ్య మాత్రం చప్పట్లు కొట్టలే. నా మొఖం చూసింది.

"ఎన్నొద్దులాయె తగ్గి?" అని మెల్లగ అడిగింది.

"పది."

"నీకు పక్షవాతమొచ్చిందని రోజు ఏడ్సిన నేను" అన్నది. ప్రాణం సచ్చిపోయింది నాకు. అంతల ఆమెకే నవ్వాగలే, నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్లొచ్చినయి. గప్పుడు ఎంత ముద్దొచ్చిందో, సూదులున్నయని ఊకున్న.

తర్వాత డాక్టర్ దిక్కు తిరిగి, "సాబ్, ఇనకా నికాలో, మేరేకు లగావ్. మాలిష్ కర్ కర్ కే మేరే హాథ్ గయే" అన్నది. నా సూదులు పీకి తనకు గుచ్చాల్నట, నాకు మాలిష్ చేసి చేసి తన చేతులే పోయినయట. ఆయన రెండు మణికట్లకు గుచ్చి, వారం దాక చేతులకు పని చెప్పొద్దన్నడు.

గందుకే ఇయ్యాల జల్ది పోతున్న, ఇంటి పనంత ఇప్పుడు నాదే, రొట్టెలు చెయ్యాలె. నిన్న నేను ఇంటికి పోయేసరికి గిన్నెలు తోమి బోర్లించి ఉన్నయి. ఆమె చేతులు ఎప్పుడో తగ్గినయని నాకు అనుమానం. కని అడిగే మొఖం నాకెక్కడిది?