రాకెట్టుకు గంట కొట్టిందెవరు?

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇరవై నాలుగేళ్లు బొగ్గు గనిలో హాలేజీ ఇంజన్ నడిపినవాణ్ణి. అన్ని షిఫ్టులు చేసినా ఒక్క దయ్యమూ నా దగ్గరికి రాలేదు. నా బీడీ వాసనకు తట్టుకోలేక అవన్నీ బదిలీ పెట్టుకుని కొత్తగూడెం పోయాయని మా సెంటినరీ కాలనీలో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది నేనే అనుకోండి. కాబట్టి ఇది దయ్యం కథ అనుకుని చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

ముందు నా పని గురించి చెప్పాలి. బొగ్గు నింపిన టబ్బులు గని లోపలి నుంచి ఏటవాలు దారిలో పైకి వస్తాయి. వాటిని తాడుతో లాగే ఇంజన్ నాది. టబ్బులు నాకు కనబడవు. కింద ఉన్న మనిషి తీగ గుంజితే నా తల పక్కనున్న ఇనుప పలక మీద సుత్తి పడుతుంది. మేం దాన్నే గంట అంటాం. ఒక్క దెబ్బ పడితే ఆపాలి. పడకుండా ఆపకూడదు. నా చదువు మొత్తం ఇంతే.

నిరుడు మా గని మూతపడింది. నేల పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టులో కొత్త యంత్రం నడిపే పనికి పరీక్ష పెడతామన్నారు. దానికి మా ఇంజన్‌లా బారెడు లివర్లు ఉండవట, టీవీలాంటి తెర, మీటలు ఉంటాయట. భయపడేవాళ్లకు ఒక కాగితం కూడా ఇచ్చారు. దాని మీద సంతకం పెడితే పరీక్ష లేదు, ఆఫీసు ముందు పూలమొక్కలకు నీళ్లు పోసే పని దొరుకుతుంది. పూలతో నాకు పగ లేదు. కానీ కొండంత బొగ్గు లాగిన చేతికి నీళ్ల పైపు ఇస్తే ఆ చెయ్యి నా మొహం చూస్తుందా?

మా అమ్మాయి కరీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి చదువుతోంది. ఇంట్లో ఉన్న దాని కంప్యూటర్‌లో రాకెట్ల ఆట ఒకటి ఉంది. ముక్కలు జోడించి రాకెట్టు కట్టాలి, ఎగరేయాలి, కింద పడకుండా భూమి చుట్టూ తిప్పాలి. తెర, మీటలు అలవాటవుతాయని దాని ముందు కూర్చున్నాను. మూడు వారాల్లో నా రాకెట్లు ఎన్ని కూలాయంటే, ఆ ఆటలోని సముద్రంలో చేపలు యూనియన్ పెట్టుకుని సమ్మె నోటీసు ఇచ్చాయి.

చివరికి అమ్మాయికి ఫోన్ చేశాను. "నాయినా, గా రాకెట్టు లిఫ్టు కాదు. పైకి పోతె సాలదు, పక్కకు ఒరిగి ఉరకాలె. గట్ల ఉరికితె పడుతనే ఉంటది గానీ నేలకు తాకది" అంది.

ఒరగడం నేర్చుకున్నాను. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. రాకెట్టు పోయే దారి తెర మీద గీతలా కనబడుతుంది. ఆ గీత భూమి చుట్టూ గుండ్రంగా కలిసిన క్షణంలో ఇంజన్ కట్టెయ్యాలి. నేను పదకొండు ఇంజన్లు బిగించాను కాబట్టి ఆ క్షణం రెప్పపాటే. కన్ను ఆపమంటుంది, చెయ్యి ఆపదు. గంట పడలేదు కదా! అది గంట కోసం కాచుకుని ఉండగానే గీత విడిపోయి రాకెట్టు సూర్యుడి దిక్కు దౌడు తీసేది.

శనివారం పెద్దపల్లి నుంచి మా ఆవిడ అన్న శంకరయ్య బావ వచ్చి ఇదంతా చూశాడు.

"ఏంది బామ్మర్దీ, సూర్యునికి బొగ్గు తక్కువైందా? గిన్ని పంపుతున్నవ్? ఆ కాయిదం మీద సంతకం పెట్టి సల్లగ కూసోరాదు!"

నాకు కాలింది. "రేపు పొద్దుగూకే లోపట తిప్పుత బావా. తిప్పకపోతె నీ ముంగటనే సంతకం పెడ్త" అన్నాను. పరీక్ష సోమవారం పొద్దున.

ఆదివారం సాయంత్రం నాలుగు దాటింది. బావ నా పక్కనే కుర్చీలో చాయ్ తాగుతున్నాడు. కాగితం, పెన్ను ఆయనే తెచ్చి నా ముందు పెట్టాడు. అప్పటికి ఆరు రాకెట్లు సూర్యుడి పాలయ్యాయి. ఏడోది లేచింది, ఒరిగింది. గీత వంగుతోంది. నా చెయ్యి బిగుసుకుపోయింది.

ఠంగ్.

ఒక్కటే దెబ్బ. దాని వెనకే తీగ గీరుకున్న సన్నటి చప్పుడు. నేను అనుకునేలోపే నా వేలు ఇంజన్ కట్టేసింది. గీత గుండ్రంగా కలిసి ఉంది. రాకెట్టు తిరుగుతోంది.

అలా కొట్టేది, మేం కాకా అని పిలిచే రాజం ఒక్కడే. పదిహేడేళ్లు కింద నుంచి నాకు గంట కొట్టింది ఆయనే. తీగను ఒకేసారి వదలడు, గీరుకుంటూ వదులుతాడు. వెయ్యి మంది కొట్టినా అందులో ఆయన గంట నేను పట్టేస్తాను. ఆయన మంచాన పడి, అందరి మధ్యా కన్నుమూసి మూడేళ్లయింది.

వంటింట్లోంచి మా ఆవిడ పిండి చేతులతో వచ్చింది. "ఏందయ్యా, ఎవలు కొట్టిన్రు గంట?"

"ఏం గంట? నాకేం ఇనబడలె" అన్నాడు బావ, నాకు మూరెడు దూరంలో కూర్చుని. తర్వాత తెర చూశాడు. నోరు మూశాడు. నాకైతే ఆ రోజు రెండు వింతలు జరిగినట్టు లెక్క.

నేను వదిలిపెట్టే రకం కాదు, అన్నీ చూశాను. కంప్యూటర్ స్పీకర్ల వైర్లు ఎలుకలు కొరికి ఆరు నెలలైంది. ఫోన్ స్విచ్చాఫ్. ఆదివారం, బడి లేదు. ఒక్క దెబ్బతో ఆగే గుడిగంట నేను పుట్టి ఎరగను. మా గనిలోని ఆ ఇనుప పలకను పాత ఇనుము లారీలోకి ఎక్కించింది నేనే. ఆ గంట విన్నాక నలభైసార్లు రాకెట్టు ఎగరేశాను. మళ్లీ మోగలేదు.

సోమవారం పరీక్షలోనూ మోగలేదు. నా కంటినే నమ్మి, పరీక్ష పెట్టినవాళ్లు చూపిన గుర్తు దగ్గర యంత్రం నేనే ఆపాను. పాసయ్యాను. సంతకం లేని కాగితాన్ని ఆఫీసులో సారు బల్ల మీద పెట్టి, "పూలకు ఇంకెవరినైనా చూస్కోన్రి సార్" అని వచ్చేశాను.

ఆ గంట ఎక్కడిదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. తెలిసినవాళ్లుంటే మా క్వార్టర్‌కు రండి, చాయ్ పోయిస్తాను. దయ్యం అన్నారో, సగం తాగిన గ్లాసు కూడా గుంజుకుంటాను.