రోము నుంచి తెచ్చిన నీళ్లు

హనుమేశ్‌కు బనగానపల్లెలో పురుగుమందుల అంగడి, ఊరి బయట మామిడితోట ఉన్నాయి. ఎవరి చెట్టుకు ఏ మందు కొట్టాలో అంగడిలో కూర్చుని చెబుతాడు. తోటలో ఆయన చెట్లే ఎండిపోతున్నాయి. బావి ఎండి చాలా కాలమైంది. వేయించిన బోర్లన్నీ దుమ్మే కక్కాయి. ఇంకొక్క బోరు వేయించాలనుకున్నాడు. అదీ పోతే తోట కొట్టేయాల్సిందే.

మందులు బాగా అమ్మినందుకు కంపెనీ ఆ ఏడాది డీలర్లను రోము పంపింది. చూపించే చోట్ల గురించి ఇచ్చిన కాగితంలో ఒక పురాతన స్నానశాల ఉంది. వేలమంది స్నానం చేసే చోటని రాశారు. హనుమేశ్ భార్య మహాదేవి అది చదివి, మహానంది కోనేరులాంటిదే అనుకుంది. అంతమంది మునిగినా తరగని నీళ్లంటే మాటలు కాదు. బోరు వేసేముందు ఆ చోట నీళ్లు పోసి గంగమ్మకు కొబ్బరికాయ కొట్టడం వాళ్ల అలవాటు. ఈసారి రోము నీళ్లు పోద్దామంది. అక్కడ మునిగి, చెంబు నింపుకుని రమ్మని మొగుడికి చెప్పి, పెట్టెలో పంచె, తువ్వాలు, మూత ఉన్న ఇత్తడి చెంబు సర్దింది.

స్నానశాల దగ్గర బస్సు దిగేసరికి హనుమేశ్ భుజాన తువ్వాలుంది. లోపల ఎత్తైన ఇటుక గోడలు. పైకప్పు లేదు. పెద్ద గుంటలో గడ్డి ఎండిపోయి ఉంది. నీళ్లెక్కడని అడిగించాడు. పదిహేను వందల ఏళ్ల కిందటే ఆగిపోయాయని గైడు గర్వంగా చెప్పింది. అందరూ ఫోటోలు తీసుకున్నారు. ఎండిన గుంట చూడడానికి విమానం ఎందుకెక్కాలో హనుమేశ్‌కు అర్థం కాలేదు.

బయట వీధి కొళాయి ఒకటి ఊరికే పారుతోంది. నీళ్లన్నీ కాలువలోకి పోతున్నాయి. కట్టేద్దామని హనుమేశ్ మర కోసం చుట్టూ తడిమాడు. మర లేదు. వెంట వచ్చిన నంద్యాల డీలరు గోపీనాథ్ చెంబు మూత తీసి అందించాడు.

“పట్టుకో అన్నా. గంగమ్మేమన్నా పాస్‌పోర్టు చూస్తాదా?”

హనుమేశ్ పట్టుకున్నాడు.

బోరు వేసే రోజు మహాదేవి ఆ నీళ్లు పోసింది. చుట్టుపక్కల తోటలవాళ్లు మిగిలిన చుక్కలు తలమీద చల్లుకున్నారు. సాయంత్రం దాకా బోరుబండి తిరిగింది. తెల్లని దుమ్ము లేచి మామిడాకుల మీద పడింది. బండివాళ్లు గొట్టాలు పైకి తీసుకుని వెళ్లిపోయారు.

మహాదేవి ఫోన్ అడిగి తీసుకుని ఫోటోలు చూసింది. గోడలు, గుంట, తువ్వాలుతో మొగుడు.

“ఆడ గూడా నీళ్లు లేవా?”

“ఎప్పుడో ఎండిపోయినాయంట.”

“మరి చెంబులోవి?”

“వీధి కొళాయివి.”

ఆమె తిట్టలేదు. ఇంకో ఫోటో చూసింది.

“ఎండిపోయినదాంతో వాళ్లేం చేస్తాండారు?”

“టిక్కెట్టు పెట్టినారు. జనం శానా వస్తాండారు.”

మహాదేవి లేచి చీర మీది దుమ్ము దులుపుకుంది. తోట మూలనున్న పాత బావి వైపు చూసింది.

“చెట్లు కొట్టిచ్చు. బావి మాత్రం పూడ్చొద్దు.”