ఖాళీగా వదిలిన జాగా

ఆ రోజు నేను చేసిన తప్పు బస్సులోనే జరిగింది. పొద్దున తొమ్మిదింటికి కరీంనగర్ బస్టాండులో మంచిర్యాల బస్సెక్కి, పెద్దపల్లి దాటకముందే, ఎవరినీ అడగకుండా ఫోనులో ఒక మీట నొక్కాను.

అదేమిటో చెప్పాలి. పాత ఆదిలాబాద్ జిల్లాలో, మంచిర్యాల అవతల, బొగ్గుగని కోసం ఒక ఊరు కదిలింది. ఇళ్లూ, మెథడిస్టు చర్చీ కొత్త కాలనీకి వచ్చాయి. సమాధుల తోట గనిలో కలిసిపోయింది. పోకముందే నేను దాన్ని కొలిచి, ఫొటోలు తీసి, కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని తిరిగే చోటుగా కట్టాను. ఒక కంపెనీ నడిపే వర్చువల్ లోకంలో అది ఉండేది. తలా ఒక దిక్కు పోయిన కుటుంబాలు ఒకేసారి అందులోకి వచ్చి, పక్కపక్కన నిలబడి, సమాధుల పండుగనాడు కొవ్వొత్తులు వెలిగించేవి. ఆ రోజు పండుగ. నేను ఆ కాలనీకి వెళ్తున్నది అందుకే.

బస్సులో ఉండగా కంపెనీ సందేశం వచ్చింది. కొందరికే పరిమితమైన చోటుకు ఇక నెలనెలా అద్దె కట్టాలి, లేకపోతే సాయంత్రానికి మూసేస్తారు. అందరికీ తెరిస్తే ఉచితం. పక్క సీటులో మెట్‌పల్లి పసుపు రైతు ఒకాయన నా ఫోనులోకి తొంగి చూశాడు.

"ఏందన్నా, పొద్దుగాల్నే గోరీలు జూస్తున్నవ్?"

చెప్పాను.

"తెరిస్తే పైసలడుగరు గదా, ఇంక ఫికరేంది? నలుగురు జూస్తరు, మంచిదే."

తప్పు ఆయనది కాదు. సాఫ్ట్‌వేరైనా ఇంకేదైనా అందరికీ తెరిచి ఉంటేనే మంచిదని సభల్లో చెప్పుకుని తిరిగేవాణ్ణి నేను. షరతులు చదవకుండానే 'అందరికీ' అన్నచోట నొక్కాను. ఆ చర్చి పాస్టరుగారికి ఒక ఫోను చేసి ఉండాల్సింది. అది చేయకపోగా, పెద్ద చిక్కు తీర్చినవాడిలా గోదావరిఖనిలో దిగి మిర్చిబజ్జీలు తిన్నాను.

గోదావరి వంతెన దాటేటప్పటికి ముసురు పట్టింది. మంచిర్యాల స్టేషను దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. దుప్పటి తేమగా ఉంది. భోజనం చేసి, షేర్ ఆటోలో కాలనీ చేరేసరికి నాలుగు దాటింది.

ప్రార్థన అయ్యాక హెడ్‌సెట్ ముందుగా రూతమ్మకు ఇచ్చారు. గనిలో పనిచేసిన ఆమె భర్త సమాధి ఆ తోటలోనే ఉండేది. భర్త పక్కన భార్యకు జాగా వదలడం వాళ్ల ఆనవాయితీ. ఆ జాగా మీద ఎవరూ కాలుపెట్టరు. నేను కట్టేటప్పుడు ఆమె పక్కన కూర్చుని ఆ జాగాను మళ్లీమళ్లీ సరిచేయించింది. అసలు నేల పోయాక ఆయన పక్కన ఆమెకు మిగిలింది అదొక్కటే.

హెడ్‌సెట్ పెట్టుకుని రెండడుగులు వేసి ఆగిపోయింది.

"గిదేంది బిడ్డా? నా జాగల దుకాణం పెట్టిండ్రు."

ఆమెకు కనిపించేది గోడ మీది తెరలో మా అందరికీ కనిపిస్తోంది. తెరిచిన చోట్లలో ఖాళీ నేల ఉంటే కంపెనీ దాన్ని వ్యాపారానికి ఇచ్చుకుంటుంది. ఆ లోకంలో మనుషుల తరఫున తిరిగే బొమ్మలకు బట్టలమ్మే కొట్టు అక్కడ వెలిసింది, చుట్టూ రంగు దీపాలు. దాని ముందు, ఎక్కడినుంచో లోపలికి వచ్చినవాళ్లు ఇద్దరు సమాధి గట్టెక్కి గంతులేస్తున్నారు.

"జర దిగుండ్రయ్యా. గాడ మా ఆయన పండుకున్నడు," అంది రూతమ్మ, గొంతు పెంచకుండా. వాళ్లకు తెలుగు రాదు. ఆమెకు చెయ్యూపి మళ్లీ మొదలుపెట్టారు.

"ఎవలు తెరిచిండ్రు దీన్ని?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

కంపెనీవాళ్లు అనే మాట నోటిదాకా వచ్చింది. "నేనే," అన్నాను.

"మా తోట తాళంచెవి నీ జేబుల ఎందుకున్నదయ్యా?" అన్నారు పాస్టరుగారు.

ఫోను తీశాను. కొత్తవాళ్లను బయటికి పంపగలిగాను. కొట్టును మాత్రం దాని అద్దె గడువు తీరేదాకా కదపలేమట. పోనీ తోటను ఇంకోచోటికి తీసుకుపోదామంటే, కంపెనీ అందుకు దారే ఉంచలేదు. ఆ సాయంత్రం కొవ్వొత్తులు చర్చి మెట్ల మీద, ముసురులో వెలిగించారు. సగం ఆరిపోయాయి. రూతమ్మ వెలిగించలేదు.

మర్నాడు పొద్దున మంచిర్యాలలో రైలెక్కాను. పెద్దపల్లిలో దిగి మళ్లీ బస్సు పట్టుకోవాలి. టీ చల్లారింది, తాగబుద్ధి కాలేదు. ఆ కంపెనీ దృష్టిలో తెరవడమంటే ఎవరైనా లోపలికి వచ్చి కొనుక్కునే వీలు. తమది తాము బయటికి తెచ్చుకునే వీలు అందులో లేదు. ఈ తేడా నాకు ముందే తెలుసు. సులువని అక్కడ కట్టి, మీ అందరిదీ అని వాళ్లకు చెప్పాను. ఇలాంటి చోటు కట్టుకునేవాళ్లు, వెళ్లిపోయేనాడు ఏం తీసుకుపోనిస్తారో మొదటిరోజే అడగండి.

రైల్లోనే పాత కొలతలు, ఫొటోలు బయటికి తీశాను. ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌తో ఇంటికి చేరాక తోటను మొదటి సమాధి నుంచి మళ్లీ కట్టాను. మళ్లీ కాలనీకి వెళ్లి, తోట ఉన్న కంప్యూటరును చర్చి పక్క గదిలో పెట్టి, పాస్‌వర్డ్ పాస్టరుగారికీ చర్చి స్త్రీల సమాజానికీ అప్పజెప్పి, నేను చూడకుండా దాన్ని వాళ్ల చేతే మార్పించాను. తర్వాత రూతమ్మను తప్పు క్షమించమని అడిగాను. ఆమె హెడ్‌సెట్ పెట్టుకుని, భర్త సమాధి పక్క ఖాళీ జాగా దగ్గరికి నడిచి కిందికి చూసింది.

"గిండ్ల నీ పేరుతోని ఏమన్న ఉన్నదా?"

"లేదు పెద్దమ్మా."

"రేపు నువ్వు రాకపోయినా తెరుసుకుంటదా?"

"తెరుచుకుంటుంది."

"అయితే ఇగ నువ్వు పో బిడ్డా. నేను జరసేపుంట."

నేను చెప్పులు వేసుకుని ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాను.